పదహారణాల మాట

ఇటీవల ఒకనాడు మా స్టూడియోలో ఒక ప్రసంగమును ధ్వనిముద్రణ చేయుచుండగా 'పదహారణాల తెలుగుదనము' అను మాట మా నోట వెలువడినది. ముద్రణ ముగిసిన పిమ్మట, అచట పనిచేయుచున్న ఒక అమ్మాయి "ఏమండీ, పదహారే ఎందుకు? ఇరవై అణాలుంటే ఇంకా మంచిది కదా?" అని అడిగినది. ఆమె పరిహాసమునకు అడిగినది కాదు. పట్టభద్రురాలు, తెలుగు చక్కగా మాటలాడును, ఆ మాటను తానును పలుమారులు వాడియున్నది. 'పదహారణాలు' అనగా 'మేలైనది' అని యెరుగును గాని 'పూర్ణమైనది' అని యెరుగదు. పదహారణాలు చేరిన రూపాయి యగుననియు, పదునేడవ అణా చేరినంత మాత్రమున ఆ రూపాయి మరింత పూర్ణము కాదనియు ఆమెకు చెప్పినవారు లేరు. చెప్పవలసిన అక్కర ఎవరికిని కలుగలేదు.

ఆ ప్రశ్న మమ్ము కొన్నిదినములు వెంటాడినది. మనము నిత్యము పలుకు సామెతలలో, నుడికారములలో, అర్థము తెలియక వాడుచున్న మాటలెన్ని యుండునో అని లెక్క చూచుకొంటిమి. ఆ లెక్కలో మొదటి వరుసకు వచ్చినవి కొలతల మాటలు: నాణెముల పేర్లు, గింజల కొలతలు, తూనికలు, కాలమును దూరమును చెప్పు పదములు. ఈ ప్రసంగమును వానికే పరిమితము చేసికొనుచున్నాము.

మాటలు మూలబడుట క్రొత్త సంగతి కాదు. వస్తువు పోయిన దాని పేరును పోవును. పల్లకి పోయినది, బోయీల మాటలు పోయినవి. అయితే అట్టి మాటలు ఏనాడు పోయినవో ఎవరును తేదీ చెప్పజాలరు. అవి మెల్లమెల్లగా సద్దుమణగినవి. కొలతల మాటలు అట్లు కాదు. వానికి శాసనబద్ధమైన తేదీలున్నవి. 1957 ఏప్రిల్ 1 వ తేదీన దేశమున దశాంశ నాణెములు వచ్చినవి; రూపాయికి 16 అణాలు, 64 కాణులు, 192 దమ్మిడీలు అను లెక్క పోయి, రూపాయికి 100 నయాపైసలను లెక్క వచ్చినది. 1956 నాటి తూనికలు కొలతల చట్టము ననుసరించి 1958 అక్టోబరు మొదలుకొని కిలోగ్రాము, లీటరు, మీటరు అంచెలంచెలుగా అమలులోనికి వచ్చినవి. అయిదారేండ్లలో అంగడివాని త్రాసు మారినది, గ్రామమున ధాన్యపు కొలత మారినది. అంగడివాని నోటినుండి తొలగిన ఆ మాటలు సామెతలలో మాత్రము తలదాచుకొన్నవి.

ముందుగా నాణెముల సంగతి చూతము. అణాకు నాలుగు కాణులు, కాణికి మూడు దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, ఎనిమిదణాలు అర్ధరూపాయి. 1907 మొదలుకొని వచ్చిన నికెలు అణాకు అంచు అలలుగా నుండెడిది. దానిపై విలువ తెలుగు లిపిలో గూడ అచ్చుపడియుండెడిది. చదువు రానివాడు సయితము చీకటిలో అంచు తడిమి అది అణా యని చెప్పగలిగెడివాడు.

క్రొత్త పైసలు వచ్చినపుడు ఈ పాత నాణెములును కొంతకాలము వానితోపాటు చెల్లినవి. అప్పుడు పుట్టినది అసలు చిక్కు. అణాకు సరియైన లెక్క ఆరుంబావు నయాపైసలు. పావు పైస నాణెము లేదు గనుక, అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక వేసిరి. పావలాను ఒక్కమారు మార్చినవానికి 25 వచ్చును. అణా అణాగా నాలుగు మారులు మార్చినవానికి 24 మాత్రమే. కొద్దికొద్దిగా కొని కొద్దికొద్దిగా తిను బీదవానికే ఆ ఒక్క పైస నష్టము. 1964 జూన్ 1 న 'నయా' అను విశేషణమును తొలగించిరి. పైస మిగిలినది, దమ్మిడీ, కాణి, బేడ వాడుకలో లేకుండ పోయినవి. పావలా మాత్రము 25 పైసల నాణెమునకు పేరై మరి కొంతకాలము బ్రదికినది. 2011 జూన్ 30 తో ఆ నాణెమునకును చెల్లుబాటు పోయినది. అయినను మాట పోలేదు. 2004 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మహిళల పొదుపు సంఘములకు తక్కువ వడ్డీ ఋణముల పథకమును ప్రారంభించినపుడు దానికి 'పావలా వడ్డీ' యని పేరు పెట్టినది. నూటికి నెలకు పావలా, అనగా ఏడాదికి మూడు రూపాయలు. ఆ లెక్క పల్లెలోని ఏ గృహిణికిని విడమరచి చెప్పవలసిన పని లేకపోయినది. ప్రజల నోట నున్న పాతమాటకు గల బలమట్టిది.

ఇక సామెతలు. 'దమ్మిడీ ఆదాయం లేదు, గడియ తీరిక లేదు' అందురు. ఈ యొక్క సామెతలో గతించిన కొలతలు రెండున్నవి. దమ్మిడీ రూపాయిలో 192 వ వంతు. గడియ దినములో 60 వ వంతు, అనగా 24 నిమిషములు. సంపాదన అతి చిన్న నాణెమంత కూడ లేదు, తీరిక అరగంటయైనను లేదు. ధనమును కాలమును రెండు తట్టలలో పెట్టి తూచిన సామెత యిది. నేటి పిల్లలు దీనిని 'పైసా ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు' అని మార్చి పలుకుచున్నారు. తప్పు లేదు; భావము నిలిచినది. కాని క్షణము కొలతకు అందనిది, గడియ కొలతకు అందునది. ఆ తూకము పోయినది.

'కాణీకి కొరగాడు' అనునది మరియొక మాట. దీని యందు ఒక విచిత్రము జరిగినది. 1943 నుండి 1947 వరకు, యుద్ధకాలపు లోహపు కరవు వలన, ప్రభుత్వము నడుమ రంధ్రము గల కాణులను ముద్రించినది. జనులు వానిని చిల్లికాణులనిరి. అప్పటికే తెలుగున 'చిల్లిగవ్వ' అను మాట కలదు. మన పొరుగున ఉత్కళ దేశమున గవ్వలు నాణెములుగా చెల్లిన కాలమొకటి యుండెను. చిల్లిపడిన గవ్వ పనికిమాలినది. చిల్లికాణి యట్లు కాదు. దాని చిల్లి టంకశాలలోనే పడినది. అంగడిలో అది మంచి కాణితో సమానముగా చెల్లినది. అయినను 'చిల్లి' అను శబ్దము చెవిని పడగానే జనులు దానిని చిల్లిగవ్వకు తోడుగా చేర్చి, చేతిలో చిల్లికాణీ లేదనిరి. నాణెము వయస్సు అయిదేండ్లు. నుడికారము వయస్సు ఇప్పటికి ఎనుబది యేండ్లు.

అంతకంటె దీర్ఘాయువు గల మాట 'డబ్బు'. దానిని పాతమాట యని ఎవరును అనరు; ప్రొద్దు లేచినది మొదలు మన నోట నున్నదే. కాని అది మొదట ధనమునకు పేరు కాదు, ఒక రాగి నాణెమునకు పేరు. 1794 లోను 1797 లోను ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కొరకు ఇంగ్లండునందలి బర్మింగుహాములో రాగి నాణెములు ముద్రింపించి తెప్పించినది. వానిపై రూపాయికి 48 అని వ్రాసియున్నది. అవి డబ్బులు. నాణెము అడుగంటినది, దాని పేరు పెరిగి పెరిగి సమస్త ధనమునకును పేరైనది. కాకతీయుల నాటి శాసనములలో కానవచ్చు మాడ, రూక మొదలగు నాణెములకు ఇంత యదృష్టము పట్టలేదు. రూకలు కొన్నాళ్ళు ధనమను అర్థమున పద్యములలో తిరిగి విరమించినవి. మాడ పండితుల పాలైనది. కోట్లు పలుకు పెద్ద పద్దులకు గూడ మనము వాడు మాట, ఒకప్పుడు రూపాయికి నలువదియెనిమిది వచ్చిన రాగిబిళ్ళ పేరు!

ఇంతకును పదహారే ఎందుకు? ఆ అమ్మాయి ప్రశ్నకు సరియైన సమాధానము నాణెములలో లేదు, వాని వెనుకనున్న గణితములో నున్నది. మన పెద్దలు భిన్నములను పదింటితో గాక నాలుగింటితో భాగించిరి. ఒకటిలో నాలుగవ వంతు కాలు. పశువునకును మంచమునకును నాలుగు కాళ్ళు కదా! మూడు కాళ్ళు చేరిన ముక్కాలు. ముక్కాలిపీటలోని ముక్కాలును, ముక్కాలు రూపాయిలోని ముక్కాలును ఒక్కమాటయే. ఆ కాలులో నాలుగవ వంతు వీసము. అనగా ఒకటిలో పదహారవ వంతు. రెండు వీసములు పరక; మూడు వీసములు మువ్వీసము. వీసములో నాలుగవ వంతు కాణి. అనగా ఒకటిలో అరువదినాలుగవ వంతు. రూపాయిని ఒకటి యనుకొన్నచో అణా దానిలో వీసము, బేడ పరక, కాణి కాణియే. కాణి యను నాణెమునకు ఆ పేరు పెట్టినది గణితమే.

ఈ లెక్క తెలిసినవానికి 'ముక్కాలు మువ్వీసము' అను మాట వినగానే నవ్వు వచ్చును. ముక్కాలు అనగా 12 వీసములు; దానికి మువ్వీసము చేర్చిన 15 వీసములు. పూర్తి కావలెనన్న ఇంకొక్క వీసము తక్కువ. 'ఊళ్ళో ముక్కాలు మువ్వీసం మంది ఆయన పక్షమే' అన్నచో ఒక్క వీసము మంది మాత్రము ఎదురు తిరిగినారని యర్థము. ఎంత ఖచ్చితమైన మాట! నేడు దానికి బదులుగా 'దాదాపు అందరూ' అనుచున్నాము. వీసమును మరచితిమి గనుక ఖచ్చితమును విడిచి దాదాపుతో తృప్తి పడుచున్నాము. పరక గతియు నిట్లే. 'పదీ పరకా ఇచ్చి పంపించు' అనునపుడు ఆ పరక రూపాయిలో ఎనిమిదవ వంతని తలచువారు లేరు. గడ్డిపరక యని తలచువారున్నారు. పాతిక మాత్రము తెలివిగా బ్రదికినది. నాలుగవ వంతను తన యర్థమును నూరునకు అన్వయించుకొని, ఇరువదియైదు అను సంఖ్యకే పేరై కూర్చున్నది.

నన్నయకు సమీపకాలమువాడగు పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కలు కూడ కంఠస్థము చేయవలసిన విద్యయే యను సంప్రదాయము మనకు అంత పాతది. వీధిబడులలో పిల్లలు ఎక్కములతోపాటు ఈ భిన్నములను గూడ వల్లించెడివారు. కరణముల లెక్కలలో వీనికి ప్రత్యేకమైన గుర్తు లుండెడివి. ఆ గుర్తులు పూర్తిగా అంతరించినవనుకొనుచుండగా, 2008 లో ప్రపంచ లిపుల సంకేతావళియగు యూనికోడునందు వానికి స్థానము లభించినది. పల్లెలో కరణము వ్రాసిన వీసపు గుర్తును నేడు కంప్యూటరు వ్రాయగలదు. చదువగల మనుష్యులే తక్కువైరి.

గింజల కొలతలలోను నాలుగింటి రాజ్యమే. నాలుగు గిద్దలు సోల. నాలుగు సోలలు మానిక. నాలుగు మానికలు కుంచము. నాలుగు కుంచములు తూము. నడుమ సగములకు వేరు పేర్లు: రెండు సోలలు తవ్వ, రెండు మానికలు అడ్డ. తూములిరువది చేరిన పుట్టి. అనగా పుట్టికి 5,120 గిద్దలు. తూమును ఒకటి యనుకొన్నచో మానిక దానిలో వీసము, సోల దానిలో కాణి. చేతిలోని రూకలకును గాదెలోని గింజలకును ఒక్క గణితమే పనిచేసెడిది. బడికి పోని రైతు సయితము గింజలు కొలిచి ధర కట్టగలుగుటకు ఇది ముఖ్యకారణము. సగము చేయుట, మరల సగము చేయుట కంటికిని చేతికిని తెలిసిన పని. పదవ వంతు చేయుట అట్లు తెలిసినది కాదు.

కళ్ళములో ధాన్యము కొలుచు దృశ్యమును చూచినవారు నేడును మన మధ్య నున్నారు. కొలుచువాడు కుంచము నింపి మొదటిసారి పోయునపుడు 'ఒకటి' అనడు, 'లాభం' అనును. పిమ్మట రెండు, మూడు అని సాగించును. ఏడాది కష్టమునకు ఫలితమును లెక్కించుట శుభమైన మాటతో ప్రారంభము కావలెనని ఆశ. ఇప్పుడు ధాన్యము బస్తాలతో కాటామీది కెక్కుచున్నది. కాటా మౌనముగా అంకె చూపును. అంకెలో తప్పుండదు గాని 'లాభం' అను పిలుపు అందులో లేదు.

'కుంచమంత కూతురుంటే మంచంలోనే కూడు' అని యొక సామెత. కుంచమును చూడనివారు దీనిని గొప్ప కూతురనియో ధనవంతురాలనియో అర్థము చేసికొనుట మేము విన్నాము. కుంచము నేలమీద పెట్టినచో ఎంత యెత్తుండునో తెలిసినవానికి ఆ చిట్టితల్లి కనుల ముందు మెదలును. అడుగులు నేర్చుచున్న పసిబిడ్డ యైనను సరే, కూతురన్నది ఇంట నున్నచో, జబ్బుపడిన తల్లిదండ్రులకు మంచము కడకే అన్నము వచ్చునని భావము. ఆ పాత్ర కనుమరుగగుటతో ఆ బిడ్డయు కనుమరుగైనది.

ఇంకొక చిక్కు. పుట్టి అనగా గింజల కొలత. పుట్టి అనగా కృష్ణా తుంగభద్రలలో తిరుగు గుండ్రని తోలుపడవయు. 'పుట్టెడు దుఃఖము' అనునది మొదటి పుట్టి. 'పుట్టి మునిగినది' అనునది రెండవ పుట్టి. కొలత మరపునకు రాగా, రెండింటిని కలిపి, ధాన్యపు పుట్టి నీట మునిగినదని కథ కల్పించి చెప్పువారు బయలుదేరినారు. తూమును ఇట్టిదే; గింజల తూము వేరు, చెరువు కట్టకుండు తూము వేరు.

తూనికలను వేగముగా ముగింతము. మూడు తులములు పలము. నలువది పలములు వీశె, అనగా ఇప్పటి లెక్కను సుమారు 1,400 గ్రాములు. ఎనిమిది వీశెలు మణుగు. పది పలములు పదలము, అయిదు పలములు ఏబలము. బెల్లము, చింతపండు, కూరలు వీశెల మీదనే నడచెడివి. ఒక్క హెచ్చరిక మాత్రము చేయవలసియున్నది. వీశె వేరు, వీసము వేరు. 'వీసమెత్తు సందేహము లేదు' అనవలసినచోట 'వీశెడు సందేహము లేదు' అన్నచో, కిలోన్నరకు దగ్గరగా సందేహమును కుప్ప పోసినట్లగును!

కాలము చెప్పు మాటలలో గడియ తన పేరును గడియారమునకు దానమిచ్చి తాను తప్పుకొన్నది. చిన్నరంధ్రము గల గిన్నెను నీటిపై విడువగా అది నిండి మునుగుటకు పట్టు కాలము గడియ. ఆ గిన్నె గడియకుడుక. నేటి గడియారము గంటలు, నిమిషములు చెప్పును గాని గడియలు చెప్పదు. జాము అనగా మూడు గంటలు; అది తెల్లవారుజామున మాత్రము నిలిచియున్నది. ఆమడ సుమారు ఎనిమిది మైళ్ళ దూరము. గిట్టనివానికి ఆమడ దూరమున నుండుమనుచున్నాము గాని, ఎంత దూరమున నుండవలెనో చెప్పువానికిని తెలియదు, వినువానికిని తెలియదు.

ఇన్ని మాటలు పోగా నిలిచినవేవి యని చూచినపుడు మాకొక సంగతి తోచినది. పిడికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు: ఇవి పోలేదు. జానెడు పొట్ట, మూరెడు మల్లెపూలు, బారెడు ప్రొద్దు అని నేడును అందరును అనుచున్నారు. కారణము స్పష్టము. ఇవి చేతి కొలతలు. పాత్రను చట్టము తొలగింపగలదు, చేతిని తొలగింపజాలదు. సోల, మానిక, కుంచము పాత్రల పేర్లు. పాత్ర అటక యెక్కినపుడు పేరును దానితో అటక యెక్కినది.

ఇంతవరకు విన్నవారు, మేము పాత కొలతలకై కన్నీరు కార్చుచున్నామని తలపవచ్చును. కాదు. ఆ కొలతలు పోవుటయే న్యాయము. కుంచమను పేరు అంతటను ఒక్కటే గాని, కుంచము అంతటను ఒక్కటి కాదు. ఒక సీమ పుట్టి మరియొక సీమ పుట్టితో సరిపోదు. ఒకే యూరిలో గింజలు అప్పిచ్చుటకు ఒక కుంచము, తిరిగి పుచ్చుకొనుటకు మరియొక కుంచము వాడిన ఆసాములను గూర్చి పల్లెలలో పెద్దలు చెప్పు మాటలు నేటికిని వినవచ్చుచున్నవి. అంచునకు సమముగా కర్రతో గీచి కొలిచినదొకటి, పైన గోపురముగా పోసి కొలిచినదొకటి. పేరు రెండింటికిని కుంచమే. కూలివాడు, కౌలుదారు ఆ గోపురపు గింజలను ఏటేట పోగొట్టుకొనిరి. నాణెముల సంగతియు నంతే. హైదరాబాదు సంస్థానమున హాలీ రూపాయి వేరు, బయటి కల్దారు రూపాయి వేరు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులకు సమానము. సరిహద్దు దాటి సంతకు పోయిన రైతు మారకము లెక్కతో తలపట్టుకొనెడివాడు. శ్రీకాకుళమున కిలో ఎంతయో ఆదిలాబాదునను కిలో అంతే యగుట చిన్న మేలు కాదు. అది పేదవానికి చట్టమిచ్చిన రక్షణ.

కావున కొలత పోవలసినదే. మాట యర్థము పోవలసిన పని లేదు. ఈ రెండును ఒకటిగా భావించుట వలననే నష్టము కలిగినది. ఆ నష్టము కేవలము భాషాభిమానుల నష్టము కాదు. పాతపెట్టెలలో తాతలనాటి దస్తావేజులున్నవి. వానిలో భూమి ఎకరముల లెక్కన గాక, తూమెడు విత్తనములు పట్టు నేల, పుట్టెడు విత్తనములు పట్టు నేల అని వ్రాసియుండును. పెండ్లినాటి పద్దులలో వీశెల లెక్కన బెల్లము, తవ్వల లెక్కన నెయ్యి యుండును. అవ్వ వ్రాసికొన్న ఆవకాయ పాళ్ళు మానికలలో సోలలలో నుండును. మనుమని చేతిలో ఆ కాగితమున్నది, తెలుగు చదువ నేర్చినాడు, చదివినాడు, తెలియలేదు. తన యింటి కాగితము తన భాషలోనే యుండి తనకు తెలియకుండుటకంటె పరాయితనమేమున్నది?

ఈ మాటలను కాపాడుటకు పెద్దలు కృషి చేయకపోలేదు. 1852 లో వెలువడిన బ్రౌను దొరగారి నిఘంటువునందు కొలతల మాటలు మెండుగా నున్నవి. 1868 లో కార్ దొరగారు రెండువేలకు పైబడిన తెలుగు సామెతలను ఆంధ్రలోకోక్తిచంద్రిక యను పేర చెన్నపట్నమున ప్రకటించిరి. 1962 లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము, వ్యవసాయ పదములతో, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున వెలువడినది. పదములు ఇంకను రైతుల నోట నున్నప్పుడే పల్లె పల్లె తిరిగి సేకరించిన గ్రంథమది. కొలతలు మారుచున్న ఆ యేండ్లలోనే వచ్చుట మన భాగ్యము. అయితే నిఘంటువు మాటకు అర్థము చెప్పును గాని, మన యూరి సోలలో ఎన్ని గింజలు పట్టునో చెప్పదు. అది చెప్పగలది మన యింటి అటకయే.

1957 లో పదేండ్ల బాలుడై, అణా చేతబట్టుకొని అంగడికి పోయినవాడు నేడు ఎనుబదికి చేరువలో నున్నాడు. కళ్ళములో 'లాభం' అని కుంచము పోసినవారు అంతకంటె పెద్దలు. వారిని అడుగుటకు మిగిలియున్న కాలము తక్కువ. మా మనవి యొక్కటే. మీ యింటి అటకమీదనో, దేవుని గదిలోనో, ఇత్తడి సోల, కంచు గిద్ద, వెదురు మానిక ఏదైన నున్నచో దింపుడు. బియ్యముతో అంచునకు సమముగా నింపి, వంటింటి త్రాసు మీద ఆ బియ్యమును తూచుడు. వచ్చిన గ్రాములను, ఆ పాత్ర ఏ యూరిదో ఆ యూరి పేరును, దానితో ఎవరు ఏమి కొలిచెడివారో ఆ మాటను ఒక కాగితముపై వ్రాసి ఆ పాత్రలోనే ఉంచుడు. ఊరికొక కొలత యుండుట ఒకప్పుడు అన్యాయము, నేడది చరిత్ర. అది ఏ గ్రంథాలయమునను దొరకదు.

ప్రశ్న అడిగిన అమ్మాయికి మేము ఈ సంగతులన్నియు చెప్పలేదు. రూపాయికి పదహారణాలని మాత్రము చెప్పితిమి. వారము దినముల తరువాత ఆమెయే వచ్చి, "మా మామ్మను అడిగానండీ. వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టి చూపించింది. నాలుగు వేళ్ళు, వేలికి నాలుగు గుర్తులు, పదహారు. కాగితం అక్కర్లేదు అంది" అని చెప్పినది. బొటనవ్రేలితో తక్కిన నాలుగు వ్రేళ్ళ గీతలను కొసలను తాకుచు ఆమె మా యెదుట లెక్కించి చూపినది. మేమును మా చేతిని చూచుకొంటిమి. సరిగా పదహారున్నవి.